వంకాయ పథ్యం

కింద వాటాలో ఎవరో పొయ్యి మీద వంకాయ కాలుస్తున్నారు. తొక్క మాడి చిట్లే ఆ వాసన కిటికీలోంచి వచ్చేసరికి, మా ఆయన చక్కెర జబ్బు మాత్రల అట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తెచ్చి ఎన్నాళ్లయిందో, సగం కూడా ఖాళీ కాలేదు. అడిగితే "ఒంట్లో బానే ఉన్నాది కదా" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా పెదనాన్న కూడా ఆ మాటే అన్నాడు.

మాది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఊరు. తెల్లారేసరికి తెప్పలు ఒడ్డెక్కేవి, తడి వలల్లోంచి కానాగంత, కవ్వ చేపలు దులుపుతుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం, పీతల కలుగుల్లో వేళ్లు పెట్టి కరిపించుకుని ఏడ్చేవాళ్లం, ఎండెక్కాక ఇసకలో ఆరబోసిన నెత్తళ్ల చేపల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కాపలా కాసి, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప ముక్క కూలిగా పుచ్చుకునేవాళ్లం. మా ఇంట్లో నీసు లేని పూటంటే వేట లేని పూటే.

అమ్మకు మాత్రం చేపలకన్నా వంకాయ ఇష్టం. సంతలో లేతవి ఏరి తెచ్చి, ఎండు రొయ్యలు వేపి, రెండూ కలిపి మట్టి దాకలో సన్నటి సెగ మీద మగ్గబెట్టి, తినే ముందు గిన్నెను ఓసారి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆ కూర వండిన రోజు మాకు తిట్లు పడేవి కావు.

ఒక చలికాలం మా అయ్యకు దగ్గు పట్టుకుంది. గుడ్డలో నెత్తురు పడింది. టీబీ అన్నారు. ఆ ముందటేడే పెదనాన్న అదే జబ్బుతో, బాగానే ఉన్నాను కదా అని మందు మధ్యలో ఆపేసి పోయాడు. అయ్యను మాత్రం అలా పోనిచ్చేది లేదని అమ్మ పంతం పట్టింది. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రలిచ్చి అన్నీ వివరంగా చెప్పింది: పరగడుపునే వేసుకోవాలి, మూత్రం ఎర్రగా వస్తే భయపడకూడదు, ఆరు నెలలు ఒక్క పూట మానకూడదు. పథ్యం గురించి ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

మాత్రలు వేసుకోవడానికని అయ్య రోజూ చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాడు. దగ్గు మాత్రం తగ్గలేదు, మనిషి ఇంకా చిక్కిపోయాడు. చుట్టలు మానేశాక చూరులో దోపేసిన చుట్టల డబ్బాను ఒకరోజు అమ్మ దింపి దులిపితే, అందులోంచి మాత్రలు రాలాయి. అమ్మ అరవలేదు. వాటిని కొంగులో పోసుకుని వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇవేటి మావా?"

"నీసు తిన్న రోజు మందెలాగేసుకుంతానే? కామెర్లొచ్చినప్పుడు ఆకుమందిచ్చినోడు ఏటన్నాడు? నీసు తగిల్తే మందు ఇకటించి పేనం తీస్తాదన్నాడు."

"మరి నాకు సెప్పీవు కావేటి?"

"సెప్తే నీసు మానీమంతావు. నీసు లేకపోతే తెప్ప లాగ్గలనేటి?"

అదీ సంగతి. బతుకు మీద ఆశ లేక కాదు, బతకాలనే ఆయన మాత్రలు దాచాడు.

అమ్మ ఆ పూటే నర్సమ్మ దగ్గరికి బయల్దేరింది, నేను వెనకాలే నడిచాను. ఈ మందుకు పథ్యమే లేదు, చేపలు తింటే ఇంకా మంచిదంది నర్సమ్మ. తిరిగొచ్చే దారంతా అమ్మ ఆలోచిస్తూనే నడిచింది. అయ్య లెక్కలో నోరు కట్టుకోనక్కర్లేని మందు మందే కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇల్లు చేరగానే గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

"నీసు తినొచ్చంట. వంకాయే కూడదంట. ఇంట్లోకే రాకూడదంట."

అయ్య ముఖం తేటపడింది. "అద్గదీ. అలాగ సెప్పాల."

మర్నాటి నుంచి మా అందరి ఎదురుగానే మాత్రలు మింగాడు. అమ్మ వంకాయ ముట్టలేదు. సంతలో ఆ బుట్టల ముందు ముఖం తిప్పుకుని నడిచేది, పక్కింటివాళ్లు కూర పంపితే గిన్నె వెనక్కి పంపేసేది. కడుపులో తిప్పి అయ్య కక్కుకున్న రోజులున్నాయి, దగ్గు తగ్గాక ఇంక చాలని విసుక్కున్న రోజులూ ఉన్నాయి. అమ్మ వాదించేది కాదు, చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడేది. చివరికి కఫంలో ఏమీ లేదని నర్సమ్మ చెప్పిన రోజున సంత నుంచి ఒడినిండా వంకాయలు తెచ్చుకుంది.

చాలా ఏళ్లకు, అమ్మ పోయాక, అయ్యకు అసలు సంగతి చెప్పబోయాను. ఆయన నవ్వాడు.

"నాకు తెల్దేటే? తరవాత మాత్రలకెల్లినప్పుడే నర్సమ్మనడిగీసినాను. మందుకీ వంకాయికీ ఏటీ లేదంది. అయితే ఏటి? మీ యమ్మ వంకాయ మానీసి కూకుంటే, నేను మాత్ర మానీగల్నా?"

ఇప్పుడు అయ్యా లేడు. తెప్పలు పోయి ఫైబరు పడవలొచ్చాయి, ఊరి వెనక జీడితోటలు పోయి విమానాశ్రయం వచ్చింది, అమ్మ దాక ఎప్పుడో పగిలింది. మాత్రలు మాత్రం వీధి వీధినా దొరుకుతున్నాయి. పక్కన నోరు కట్టుకుని కూర్చునే మనిషే దొరకడం లేదు.

మా ఆయనకు ఇంక ఉపన్యాసాలు ఇవ్వదల్చుకోలేదు. ఆయన చూస్తుండగా రెండు గ్లాసుల్లో టీ పోశాను. ఇన్నాళ్లూ ఆయనది చప్పటి టీ, నాది తియ్యటిది. తీపి లేకపోతే నాకు టీ గొంతు దిగదని ఆయనకు తెలుసు. ఇవాళ నా గ్లాసులోనూ చక్కెర వేయలేదు. ఆయన గ్లాసు పక్కన మాత్రల అట్ట పెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక గుక్క తాగాను. చేదుగానే ఉంది. రేపూ ఇలాగే తాగుతాను.