జావా క్లాసులో లాభం

అనంతపురంలో నేను జావా నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్‌కు ఈ సాయంత్రం నా స్టూడెంట్ అనిత వాళ్ల నాయన వచ్చాడు. బుక్కరాయసముద్రంలో శెనక్కాయ రైతు. కూతుర్ని బండి మీద తీసుకెళ్లాలి, ఆమె ప్రోగ్రామేమో ఒక పట్టాన నడవడం లేదు. ఐదు గడుల వరుసలో, అదే అర్రేలో, మొదటి గడి నంబరు ఒకటి, చివరిది ఐదు అనుకుని రాసింది. రన్ చేసిన ప్రతిసారీ ఎర్రర్. మొదటిది సున్నా, చివరిది నాలుగు, ఐదో నంబరు గడే లేదని నాలుగోసారి చెబుతూ నేను గొంతు పెంచాను.

వెనక బెంచీ నుంచి ఆయన అందుకున్నాడు. “ఎందుకప్పా అట్ల అరుస్తాండావు? పాపా, మనం కాయలు కొలిచేటప్పుడు మొదటి గంపను ఒకటి అంటామా? కలిసిరావాలని లాభం అంటాం గదా! వీళ్లు సున్నా అంటారంట, అంతే.”

అనిత నవ్వేసి, రెండు అంకెలు దిద్దింది. ప్రోగ్రామ్ నడిచింది. నేను పొంగిపోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆయన మొహంలో మాత్రం దిగులు. “అది సరేగానప్పా, మొదటి గంపకే సున్నా అంటే ఆ ఇంట్లో గింజ నిలుస్తాదా?”

ఎనిమిదేళ్లుగా జావా చెబుతున్నాను. జవాబు తెలిసినవాళ్లు తొందరగా కామెంట్ పెట్టండి, రేపు సాయంత్రం ఆయన మళ్లీ వస్తాడు.