ఇష్టమేనా అని అడిగిన మనిషి

మా సబ్ రిజిస్ట్రార్ గారు పోయారని మొన్న ఉదయం ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. అందరిలాగే నేనూ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఆయన గురించి నేను రాయాల్సింది అదొక్కటే కాదు.

పల్నాడులో ఓ చిన్న ఊళ్ళో ఆయన కింద ఆరేళ్ళు పనిచేశాను. చదువురాని వాళ్ళు వస్తే దస్తావేజు మొత్తం ఆయనే పైకి చదివి వినిపించేవారు. వేలిముద్ర వేశాక తుడుచుకోవడానికి తడిగుడ్డ అందించేవారు. "కాగితం ఎక్కడికీ పోదు, ముందు మనిషి మొహం చూడు" అని నాతో అనేవారు. ఆ చాదస్తానికి విసుక్కునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం ఒక ముసలామె రెండెకరాల మిరప చేను అమ్ముతానని వచ్చింది. పక్కన కొనేవాళ్ళ తరఫున ఒకడున్నాడు. మా చుట్టుపక్కల మనిషి కాదు. తువ్వాలులో చుట్టిన వేటకొడవలి తెచ్చి దస్తావేజు మీదే పెట్టాడు. నేను ఫైలు కోసమన్నట్టు బీరువా వెనక్కి తప్పుకున్నాను.

సారు ఆమె వైపే చూశారు. "అమ్మా, ఇష్టపడే రాసిస్తున్నావా?"

"దానికేం తెల్సు? నన్నడుగు" అన్నాడు వాడు.

"రాసిచ్చేది ఆమె. మీరు బయట కూర్చోండి."

"ఏందయ్యా, చానా మాట్లాడతన్నావు. నువ్వు ఇంటికి ఏ దారిన పోతావో నాకు తెల్సు."

సారు ఆమె వైపుకే కుర్చీ జరుపుకోవడం బీరువా సందులోంచి నాకు కనిపించింది. మళ్ళీ అదే అడిగారు.

"ఇష్టం లేదు నాయనా" అంది ఆమె.

రిజిస్ట్రేషను తిరస్కరిస్తున్నట్టు రాసి సంతకం పెట్టారు. వాడు కొడవలి తీసుకుని, నవ్వి వెళ్ళిపోయాడు. సారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. వాళ్ళు నన్నడిగితే బీరువా వెనక ఉన్నానని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు.

వారం తిరక్కుండా పైనుంచి ఫోను వచ్చింది. సారును కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. ఇన్‌ఛార్జి నేను. రెండోరోజే వాడు ఆమెను మళ్ళీ తీసుకొచ్చాడు. వాడు ఈసారి కొడవలి తేలేదు, ఉత్త చేతులతో నా ఎదురుగా కూర్చున్నాడు. అదే చాలింది. ఆమె వేలు పనిచేసి పనిచేసి అరిగిపోయి మెషీను ముద్ర తీసుకోలేదు. సారు వాడే తడిగుడ్డతోనే తుడిచి, నేనే ఆ వేలు అదిమి పెట్టాను.

సెలవు నుంచి వచ్చాక ఆయన ఆ దస్తావేజు తీయించుకుని చూశారు.

"ఆమెని అడిగావా?"

"లేదు సార్."

దస్తావేజు మూసి నా చేతికే తిరిగిచ్చారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆయనకు దూరంగా బదిలీ అయింది, నాకు ప్రమోషను వచ్చింది.

నరసరావుపేటలో దహనం దగ్గర అందరూ మంచి మనిషి అన్నారు. నేను కూడా అన్నాను. తిరుగు బస్సు ఆ చేను పక్కనుంచే పోతుంది. దాని హద్దులు నాకు కంఠతా వచ్చు. రోడ్డు మీద ట్రాక్టరు అడ్డం వచ్చి బస్సు కాసేపు ఆగింది. ఆ చేలో కూలీలు వరసగా మిరపకాయలు కోస్తున్నారు. చివరి సాలులో ఉన్నది ఆ ముసలామే. తలెత్తి బస్సు వైపు చూసింది. కిటికీలో నన్ను గుర్తుపట్టిందో లేదో, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ వంగింది.