పెరటి మాస్టారి విదేశయాత్ర

పెరటి మాస్టారు ఏ భవనంలోకీ ముందు గుమ్మం గుండా వెళ్ళరు. వెళ్ళరంటే వెళ్ళరు, అంతే. బ్యాంకు కానివ్వండి, ఆసుపత్రి కానివ్వండి, సినిమా హాలు కానివ్వండి, ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనకాల చెత్తడబ్బాలూ మురుగు గొట్టాలూ ఎక్కడున్నాయో కనుక్కుని, అటునుంచి లోపలికి దూరతారు. తన పెళ్ళికి కూడా వంటవాళ్ళ వైపు నుంచే వచ్చారట. చుట్టాలందరూ వీధి వైపు పెళ్ళికొడుకు కోసం మెడలు సాచి చూస్తుంటే, ఈయన గుండిగల మధ్య నిలబడి పొగ ఎటు పోతోందో పరిశీలిస్తున్నారట. ఈ సంగతి ఆయన భార్యే చెబుతారు. "అప్పుడే ఈ సంబంధం వద్దనాల్సింది, బుద్ధి తక్కువై ఒప్పుకున్నాను," అని కూడా అంటారు, నవ్వుతూనే.

ఆయన అసలు పేరు కాలేజీలో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. భవనాలు కట్టడం నేర్పే ఆ కాలేజీలో ఆయనది పాతికేళ్ళ కొలువు. "ముందు వైపు యజమాని గొప్ప కోసం కట్టించుకుంటాడు నాయనా. వెనక వైపు అవసరం కొద్దీ కడతారు. ముఖం చూసి మోసపోకండి, వీపు చూడండి," అనేది ఆయన మొదటి పాఠం. ఆఖరి పాఠం కూడా అదే. మధ్యలో పరీక్షలుంటాయి.

అలాంటి మనిషికి ఒక క్లాసు పిల్లల్ని అప్పగించి, గొప్ప గొప్ప కట్టడాలు చూపించుకు రమ్మని విదేశం పంపించారు కాలేజీ వాళ్ళు. కోతికి కొబ్బరికాయ ఇచ్చారన్నమాట.

ఆ పిల్లల్లో లాయరమ్మ ఒకతె. చదివేది భవనాల చదువే గానీ, నోరు మాత్రం కోర్టులో ఉండాల్సింది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే "ఎవరి తూర్పు?" అని అడిగే రకం. చిన్నప్పుడు చేసిన జబ్బు వల్ల ఆమె ఎడమ కాలికి బలం తక్కువ. చేతికర్ర ఊతంతో చదునైన నేల మీద ఎవరికీ తీసిపోకుండా నడుస్తుంది. మెట్లు వస్తేనే తంటా. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి మెట్టు. ఈలోగా పైకెళ్ళిపోయినవాళ్ళు వెనక్కి తిరిగి, "ఏం పర్లేదు, మెల్లిగా రా," అంటారు చూడండి, ఆ మాటంటే ఆమెకి ఒళ్ళు మంట.

ఆమె బయల్దేరేముందు వాళ్ళమ్మ బట్టలు సర్దుతూ సణిగింది. "అన్నీ కొండంతేసి కట్టడాలంటున్నారు. ఎందుకే ఈ అవస్థ?"

"అమ్మా, ఒకటే మాట. అక్కడ ఒక్కసారి నా కోసం అందరూ ఆగాల్సొచ్చిందనుకో, మర్నాడే విమానమెక్కి వచ్చేస్తా. ఈ చదువు కూడా మానేస్తా. భవనం ఎక్కలేనిదాన్ని, భవనాలేం కడతాను?"

"ఆగితే ఏం పోయిందే?"

"నీకు తెలీదులే అమ్మా," అంది లాయరమ్మ. ఇంట్లో వాదన ముగించడానికి ఆమె ఎప్పుడూ వాడే మాట అది. నిజానికి ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఎలా పడుతుంది, ఆ చదువంటే ఆమెకి ప్రాణం మరి.

మొదటి రోజు సంగీత భవనం. బస్సు ఆగేసరికి పిల్లలు తలలు దువ్వుకుని, కెమెరాలు మెడలో వేసుకుని దిగారు. ఎదురుగా పాలరాతి ముఖద్వారం ధగధగా మెరిసిపోతోంది. మాస్టారు దానికి వీపు చూపించి పక్క సందులోకి తిరిగారు.

"సార్! గుమ్మం ఇటు!" అని అరిచాడు పొడుగోడు. క్లాసులో అందరికన్నా ఎత్తు కాబట్టి వాడికి అన్నీ ముందు కనిపిస్తాయి.

"ముందు తలుపు మరమ్మతులో ఉందట నాయనా. రండి రండి."

వెనక్కి వెళితే అక్కడ లారీలోంచి పెద్ద పెద్ద వాయిద్యాల పెట్టెలు దింపి, ర్యాంపు మీదుగా తోసుకుపోతున్నారు. మాస్టారు ఒక వాననీటి గొట్టాన్ని ఆప్యాయంగా నిమిరారు. "చూశారా, ఈ గొట్టం ఎంత నిజాయితీగా దిగిందో!"

"మా ఇంటి గొట్టం కూడా ఇంతే నిజాయితీగా దిగుతుంది సార్," అన్నాడు ఫొటోల కుర్రాడు నీరసంగా. "దీనికి విమానమెక్కి రావాలా?"

కచేరీ అయ్యాక చూస్తే ముందు తలుపులోంచి జనం బిలబిలమంటూ బయటికొస్తున్నారు. మరమ్మతు లేదు, పాడూ లేదు. అడిగితే, "ఓహో, అప్పుడే బాగుచేసేశారా? ఇక్కడివాళ్ళు పనిమంతులోయ్," అన్నారు మాస్టారు, మొహంలో ఏ భావమూ లేకుండా.

రెండో రోజు చిత్రశాల. అక్కడా ముందు తలుపు మరమ్మతులోనే ఉందట. క్యాంటీను సరుకులు మోసే లిఫ్టులో, బంగాళాదుంప బస్తాల మధ్య ఇరుక్కుని పైకి వెళ్ళారు అందరూ. వంటమనిషి వీళ్ళని చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాస్టారు ఆవిడకి నమస్కారం పెట్టి, "మీ పొగగొట్టం అద్భుతం," అన్నారు. ఆవిడ సిగ్గుపడి తలా ఒక రొట్టెముక్క ఇచ్చింది. మూడో రోజు రైల్వే స్టేషను. పార్శిళ్ళ వైపు నుంచి, చెప్పేదేముంది! రోజూలాగే ఆ సాయంత్రం కూడా మాస్టారు 'అలా తిరిగొస్తాను' అని ఒక్కరే బయటికి వెళ్ళారు. ఫొటోల కుర్రాడు పంపిన ఫొటోలు చూసి వాళ్ళ నాన్న ఫోను చేశాడు. "ఏరా, ఆ దేశమంతా చెత్తడబ్బాలేనా?"

ఇక లాయరమ్మ సంగతి. మొదటి రోజు బస్సులో కర్రని గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎప్పుడు మెట్లొస్తాయో, ఎప్పుడు అందరి ముందూ తలవంపులో అని. మెట్లు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజుకి కర్ర ఊపుకుంటూ అందరికన్నా ముందు నడిచి, మాస్టారితో గొట్టాల మీద వాదన పెట్టుకుంది. నాలుగో రోజుకి లోకంలో మెట్లనేవి ఉంటాయన్న సంగతే మర్చిపోయింది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ తిరగలేదు. హాయి ఎక్కువైతే మనిషికి ఆలోచన తగ్గుతుంది. అందుకే జరగాల్సింది జరిగింది.

ఆఖరి రోజు పెద్ద గ్రంథాలయం. పిల్లల పాఠ్యపుస్తకం అట్ట మీద ఉండే బొమ్మ దానిదే. దాని ముందు భాగం చూడకుండా ఇంటికెళితే మొహం ఎత్తుకు తిరగలేమని పిల్లలు తీర్మానించుకున్నారు. వకాల్తా లాయరమ్మకిచ్చారు. బసలో పొద్దున్న టీ తాగుతుండగా ఆమె లేచి నిలబడింది.

"సార్, వీపు చూసి పెళ్ళి సంబంధం ఖాయం చేసుకుంటారా ఎవరైనా?"

మాస్టారు టీ కప్పు దించారు. "చేసుకోరమ్మా."

"మరి వీపు చూసి భవనం ఎలా తెలుస్తుంది సార్? ఇవాళ ముందు నుంచి వెళ్దాం."

ఆయన ఆమె వైపు ఒక క్షణం అదోలా చూశారు. "ముందు వైపు ఎండ తల్లీ."

"మబ్బు పట్టింది సార్."

"ముందు ఏముంటాయి? స్తంభాలు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే."

"ఆ ఒక్కటైనా చూపించండి సార్!"

పిల్లలు బల్లలు చరిచారు. మాస్టారికి చెమట పట్టింది. "ఈసారి నిజంగానే ముందు తలుపు మరమ్మతులో ఉందమ్మా. ఒట్టు."

గది గదంతా గొల్లున నవ్వింది. లాయరమ్మ విజయగర్వంతో కర్రని నేలకి టకటకా కొట్టింది. మాస్టారు మిగిలిన టీని కషాయంలా మింగి, "సరే, మీ ఇష్టం," అన్నారు.

బస్సు గ్రంథాలయం ముందు ఆగింది. పుస్తకం అట్ట మీద స్తంభాలూ గోపురమే ఉంటాయి, వాటి కింద ఉన్నది అట్టలో పట్టలేదు కాబోలు. మెట్లు! ఒక వరుస ఎక్కితే మధ్యలో ఓ చదును, దాని మీద ఇంకో వరుస, మళ్ళీ చదును, మళ్ళీ వరుస. పట్టుకోవడానికి పక్కన ఒక ఇనుప కమ్మీ, అంతే. పిల్లలు హోరుమంటూ పరుగెత్తారు. లాయరమ్మ కూడా అరుచుకుంటూ మొదటి మెట్టు దాకా వచ్చి, ఆగిపోయింది.

పైకెళ్ళిన పొడుగోడు వెనక్కి తిరిగి చూశాడు. వాడు ఆగాడు. వాడి వెనక ఫొటోల కుర్రాడు ఆగాడు. ఒక్కొక్కరే అందరూ ఆగారు. ఆ నిశ్శబ్దం లాయరమ్మకి చిన్నప్పటినుంచీ తెలుసు. మొహం భగ్గుమంది. ఇంత గొంతు చించుకుని వాదించి, తన గోతిని తనే తవ్వుకుంది! అయిపోయింది, ఈ యాత్రా అయిపోయింది, ఈ చదువూ అయిపోయింది అనుకుంది.

అప్పుడు తట్టింది ఆమెకి. వాయిద్యాల పెట్టెల ర్యాంపు. బంగాళాదుంపల లిఫ్టు. పార్శిళ్ళ దారి. గిర్రున మాస్టారి వైపు తిరిగింది. ఆయన కిందికి వంగి, నేల మీద రాతి పలకల అతుకుని మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. ఆ అతుకులో ఏమీ లేదు.

పొడుగోడు దిగొచ్చాడు. "పదండ్రా, వెనక నుంచే వెళ్దాం. సార్ చెప్పింది నిజమే, ముందేముంది, స్తంభాలు."

"అవునవును," అన్నాడు ఫొటోల కుర్రాడు. "నాకు గొట్టాల ఫొటోలు కొన్ని తక్కువయ్యాయి కూడా."

లాయరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకే కోపం తోసుకొచ్చింది. కోపమే నెగ్గింది.

"ఎవరూ కదలకండి! నేను గెలిచిన వాదన ఇది. ఎక్కుతాను. ఎంతసేపైతే అంతసేపు నా కోసం ఆగండి. తెలిసిందా?"

మాస్టారు ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నారు. "సరే పద, నేనూ నీతో వస్తాను," అన్నారు.

బయల్దేరారు. ఆమె ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కర్ర పట్టుకుని తన పద్ధతిలో ఎక్కుతోంది. కష్టంగానే ఉంది, కాలు లాగుతోంది, అబద్ధమెందుకు? కానీ పక్కన మాస్టారి అవస్థ చూస్తే ఆమె కాలు నొప్పి ఆమెకే గుర్తు రావడం లేదు. పాతికేళ్ళుగా పెరటిదారుల్లో తిరిగిన మనిషికి మెట్ల అలవాటెక్కడిది? మొదటి చదును దగ్గర "అమ్మో," అన్నారు. రెండో చదును దగ్గర కోటు విప్పి పొడుగోడికిచ్చారు. "ఈ మెట్లు కట్టినవాడు నాకు కనపడాలి," అంటూ కూలబడ్డారు. లాయరమ్మ ఆయన్ని దాటి నాలుగు మెట్లు ఎక్కేసి, వెనక్కి తిరిగింది.

"ఏం పర్లేదు సార్, మెల్లిగా రండి."

ఆ మాట తన నోట్లోంచి ఊడిపడేసరికి ఆమె బిత్తరపోయింది. అందులో జాలి ఎక్కడా లేదు. ఆయన లేకుండా లోపలికి వెళ్ళాలని లేదు, అంతే. ఇన్నేళ్ళూ పైన నిలబడి తనతో ఆ మాట అన్నవాళ్ళు కూడా ఇందుకే అన్నారా ఏమిటి ఖర్మ! పైన చూస్తే క్లాసంతా మెట్ల మీద చతికిలబడి, రొట్టెలు తింటూ, వీళ్ళిద్దరిలో ఎవరు ముందొస్తారో పందాలు కాసుకుంటున్నారు. ఎక్కువమంది లాయరమ్మ వైపే.

ఆమే ముందు చేరింది. మాస్టారు ఆఖరి మెట్టు ఎక్కేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు తలుపు వైపు తిరిగారు. బ్రహ్మాండమైన కంచు తలుపు. దానికి అడ్డంగా ఒక తాడు. తాడుకి వేలాడుతూ ఒక బోర్డు: మరమ్మతులు జరుగుతున్నవి, ప్రవేశం వెనక వైపు.

పక్కనున్న కాపలాదారు మాస్టారిని చూసి నోరు తెరిచాడు. "పెద్దాయనా, మళ్ళీ మీరేనా? ఇవాళ ముందు తలుపు తెరిచేది లేదని నిన్న సాయంత్రం చెప్పాను కదా! వెనక లిఫ్టులో ఎక్కి దిగి చూసుకున్నారు, కర్రతో నడిస్తే జారుతుందా అని నేలంతా రుద్ది చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. మరి ఇటెందుకు ఎక్కొచ్చారు?"

పొడుగోడు గొంతు సవరించుకున్నాడు. "అయితే పొద్దున్న చెప్పింది నిజమేనా సార్?"

"ఒట్టు కూడా పెట్టాను కదరా వెధవా," అంటూ మాస్టారు మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకున్నారు.

లాయరమ్మ పక్కన కూర్చుంది. "ప్రతి సాయంత్రం 'అలా తిరిగొస్తాను' అని మీరు వెళ్ళింది ఇందుకా సార్? పోనీ ఇందాక కిందే ఇంకోసారి గట్టిగా చెప్పొచ్చు కదా, తలుపు మూసుందని."

"ఎక్కుతానన్నావు కదమ్మా," అన్నారు మాస్టారు. "నువ్వంత పట్టుదలగా ఎక్కుతానన్నాక ఇంక తలుపుతో పనేముంది?"

లాయరమ్మ ముక్కు ఎగబీల్చుకుని అంది. "సార్, నేను కట్టే ప్రతి భవనానికీ ముందు వైపే ర్యాంపు పెడతాను. దర్జాగా, మధ్యలో. మీరు ముందు గుమ్మంలోంచే రావాలి."

"ముందు నుంచా? నేనా?" మాస్టారు నిజంగానే హడలిపోయారు. కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, నీ కోసం వస్తాలే. కానీ నాకో అనుమానం తల్లీ. అంత గొప్పగా ముందు కడతానంటున్నావు, మరి వెనక వైపు గొట్టాలెలా దింపుతావు? ముందు అది గీసి చూపించు."