నెత్తురిచ్చిన బావమరిది

ఆ రోజుల్లో, అంటే బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తల్లో, మా కోలారు గనుల కూలీలుండే లైన్లలో నెత్తురివ్వడమంటే ఆస్తి రాసివ్వడం కంటే పెద్ద సంగతి. ఒకసారి పోయిన నెత్తురు మళ్లీ ఊరదని అందరూ గట్టిగా నమ్మేవారు. అలాంటి కాలంలో చొక్కా చెయ్యి మడిచి ముందుకు దూకిన మొనగాణ్ణి నేను. (పరోపకారం కాదు, మరదలి కోసం.)

మా మామ కూతురు, నాకు ఇస్తామని చెప్పుకున్న పిల్ల, శ్రీనివాసపురం తోటలో మామిడిచెట్టెక్కి కొమ్మతో సహా కింద పడింది. కడుపులో నెత్తురు కారుతోంది, ఆపరేషన్ చేయాలి, నెత్తురెక్కించాలి అన్నారు ఆస్పత్రిలో. నేను సిద్ధమయ్యేసరికి మా అవ్వ, అంటే మా అమ్మ తల్లి, అడ్డం వచ్చింది.

"నిలువప్పా. నువ్వు నెత్తురిస్తే దానికి తోడబుట్టినోడివి అయిపోతావు. ఇంగ పెండ్లి ఎట్ల?"

ఇస్తే పెళ్లాం కావలసిన పిల్ల చెల్లెలవుతుంది, ఇవ్వకపోతే పిల్లే దక్కదు. "బతికితే చాలవ్వా, చెల్లెలైనా సరే" అన్నాను. (అంత గొప్ప మాట మళ్లీ జన్మలో అనలేదు. అన్న వెంటనే ఏడుపొచ్చింది.)

తీరా పరీక్ష చేసిన సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ గ్రూపు వేరప్పా. ఇది ఎక్కిస్తే పాపకి వణుకుజ్వరం వచ్చి ప్రాణం మీదికొస్తాది. నీది ఇంకొకరికి పనికొస్తాది, ఇచ్చిపో." నేను ఊపిరి పీల్చుకునేలోపే అవ్వ అందుకుంది: "చూస్తివా, నెత్తురే కలవనోళ్లకి సంసారం యాడ కలుస్తాది?" ఎటు తిరిగినా నా పెళ్లికే ఎసరు.

ఆ గొడవంతా వింటూ వరండాలో ఒకాయన నిలబడి ఉన్నాడు. గనిలో పైకప్పు కూలకుండా కొయ్య దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది, అందరూ టింబరన్న అనేవారు. అరవాయన. జబ్బుపడ్డ స్నేహితుణ్ణి చూడ్డానికి వచ్చాడు. "నాది చూడండమ్మా" అన్నాడు. ఆయనది సరిపోయింది. నెత్తురెక్కుతున్నంతసేపు సిస్టరమ్మ నాడి పట్టుకుని కూర్చుంది. "చలిగా ఉండాదా పాపా?" అని ఆమె అడిగినప్పుడల్లా బయట నాకు వణుకు పుట్టేది. చివరికి మరదలు కళ్లు తెరిచి, "నా కాయలు యాడ?" అంది. మా మామ టింబరన్న రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. (అప్పటికే ఇంకొకరి కోసం నా సీసా నెత్తురు కూడా ఇచ్చి ఉన్నాను గనుక, ఏడుస్తూనే బెంచీ మీద సొమ్మసిల్లాను.)

అవ్వ తన మాట మీదే నిలబడింది: నెత్తురిచ్చినాడు కాబట్టి ఆయనే పిల్లకి అన్న, ఇయ్యలేదు కాబట్టి నేను బావనే. కలవని నెత్తురు సంగతి ఇంక ఎత్తలేదు. మా పెళ్లిలో పుట్టింటి చీర పెట్టింది ఆయనే. ఏటా అన్నలు చెల్లెళ్లకి పుట్టింటి సారె తెచ్చే గౌరి పండగకి పసుపు, కుంకుమ, గాజులు పట్టుకుని వచ్చేవాడు. మాకు తగవు వస్తే విచారణ ఉండేది కాదు, తప్పు నాదే. "మా చెల్లి నెత్తురు ఎట్లాంటిదో నాకు తెలుసు బావా" అనేవాడు. కిందటేడు ఆయన పోయాడు. ఆయన పుణ్యమా అని నాకు దక్కిన మా ఆవిడ పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఆయన తెచ్చిన గాజులు తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

నా సీసా ఎవరికి వెళ్లిందో సిస్టరమ్మ చెప్పలేదు. అవ్వ లెక్కన నాకూ ఎక్కడో ఒక చెల్లెలు ఉండాలి. అందుకే రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఏ పెద్దావిడైనా నన్ను తోసుకుని కూరల దగ్గరికి పోతే ఇప్పుడు ఏమీ అనను. పక్కకి జరిగి, సంచీ పట్టుకోమంటారా అమ్మా అని అడుగుతాను.