రోడ్డుకి అటు గేదె, ఇటు దూడ

నా చిన్నప్పుడు మా ఇల్లు, హనుమాన్ జంక్షన్ ఇంకో మైలు ఉందనగా, హైవేని ఆనుకుని ఉండేది. లారీ వెళితే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. అప్పటికి రోడ్డు ఇంత వెడల్పు కాలేదు, మధ్యలో అడ్డుగోడా లేదు. ఇటు మా ఇల్లు, గేదెల పాక. అటు మా పొలం, దాని వెనక కాలవ గట్టు. మేతంతా అటే ఉండేది కాబట్టి మా గేదె రోజూ రెండుసార్లు ఆ రోడ్డు దాటాల్సిందే.

మా వైపు పాడి ఉన్న ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. ఈనిన గేదెని మేతకి తోలి, దూడని మాత్రం ఇంటి దగ్గరే కట్టేసేవాళ్ళు. సాయంత్రానికి పొదుగు నిండి, దూడ మీద బెంగ పుట్టి, గేదె తనంతట తనే ఇల్లు చేరుతుంది. వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఈ రోడ్డు లేని కాలంలో పుట్టిన పద్ధతి అది. రోడ్డొచ్చాక కూడా ఎవరూ మార్చలేదు. మా నాయనమ్మ ఒక్కతే ఒక షరతు పెట్టింది. పొద్దుగూకకముందే ఎవరో ఒకరు అటు వెళ్ళి, గేదె మెడకి పలుపు వేసి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకుని తీసుకురావాలి. తారు రోడ్డు మీద సందెవేళ నల్లగేదె కనబడదని, కనబడేసరికి బండి దాని మీదే ఉంటుందని అనేది. ఆ పని నాకు అప్పగించారు. అప్పుడు నాకు పదేళ్ళు.

నాకు ఆ పనంటే ఒళ్ళుమంట. పక్కింట్లో టీవీలో సినిమా వచ్చే రోజైతే మరీను. నేను మహా తెలివైనదాన్ని కదా, ఒక ఉపాయం కనిపెట్టాను. పాకలోకి వెళ్ళి దూడ చెవి పట్టుకుని మెలిపెడితే అది గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు గట్టు దాకా వినబడేది. గేదె మేత వదిలేసి పరుగున వచ్చేసేది. నేను వాకిలి దాటకుండానే పని అయిపోయేది. నాలుగైదుసార్లు అలా చేశాను. ఏమీ కాలేదు. దూడకి నొప్పి పుడుతుందన్న ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, పట్టించుకోలేదు.

ఆ రోజు మబ్బు పట్టి తొందరగా మసక కమ్మింది. సినిమా మొదలైపోయిందని పక్కింటి పిల్ల గోడ మీద నుంచి కేకేసింది. నేను దూడ చెవిని ఎప్పటికంటే గట్టిగా మెలిపెట్టాను. అది అరిచింది. అవతల నుంచి గేదె బదులు పలికింది. ఆ వెంటనే రోడ్డు మీద దెబ్బ చప్పుడు, దాని మీద ఇంకో పెద్ద చప్పుడు వినబడ్డాయి.

కొల్లేటి నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చి ఊరూరా అమ్మే ఒకాయన ఉండేవాడు. మా ఇంటి ముందు ఆగితే నాకోసం బతికున్న చేపపిల్ల ఒకటి గ్లాసులో వేసి ఇచ్చేవాడు. ఆయన మోపెడ్ వచ్చి మా గేదెకి గుద్దుకుంది. వెనకే వస్తున్న లారీ ఆ రెంటినీ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగింది. నేను వెళ్ళేసరికి ఆయన కాలు మోపెడ్ కింద, మోపెడ్ గేదె కింద ఉన్నాయి. గేదెకి నడుం విరిగింది. అయినా తల మా పాక వైపే తిప్పి, ముందుకాళ్ళతో లేవాలని చూస్తోంది. పొదుగు చితికి పాలు తారు మీద పారుతున్నాయి. ఆ పాలలో చేపలు కొట్టుకుంటున్నాయి. నలుగురు మగవాళ్ళు గేదెని పక్కకి లాగుతుంటే, ఇంకో నలుగురు తువ్వాళ్ళల్లోకి చేపలు ఏరుకుంటున్నారు. కింద ఆ మనిషి మూలుగుతూనే ఉన్నాడు. ఏరుకున్నవాళ్ళు మా ఊరివాళ్ళే. ఆ రాత్రి ఎవరి ఇంట్లో పులుసు కాగిందో నాకు ఇప్పటికీ తెలుసు.

మర్నాడు మా ఇంట్లో పంచాయితీ లాంటిది జరిగింది. తప్పు లారీదన్నారు, చేపలాయనదన్నారు. నన్నడిగితే, పలుపు తీసుకుని బయల్దేరబోతుంటే గేదే వచ్చేసిందన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

“దానికి బుద్ధి లేదు. అటూ ఇటూ చూడకుండా వచ్చి పడింది,” అన్నాను.

మా నాయనమ్మ నా మొహం కేసి చూసింది. ఆ సాయంత్రం బస్సెక్కి బెజవాడ ఆసుపత్రికి వెళ్ళి ఆయన్ని చూసొచ్చింది. మోకాలి పైదాకా కాలు తీసేశారట. ఆయన చెప్పిన మాట మా నాన్నకి చెబుతుంటే విన్నాను. “పాకలో దూడ ఘోరంగా అరిచిందండీ మామ్మగారూ, ఏమైందా అని అటు తల తిప్పాను, గేదెని చూళ్ళేదు,” అన్నాడట. చెప్పడం అయ్యాక ఆవిడ లాంతరు పట్టుకుని పాకలోకి వెళ్ళింది. దూడ తల్లి కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉంది. దాని చెవి మొదలు వాచి ఉంది. వాపు మీద చిన్న చిన్న గోళ్ళ గుర్తులున్నాయి. వాటిని ఆవిడ వేలితో తడిమి చూడ్డం నేను తలుపు చాటు నుంచి చూశాను. నా గోళ్ళు నేనే దాచుకున్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొడుతుందని రెండు రోజులు ఎదురుచూశాను. కొట్టలేదు. మూడో రోజు పొద్దు వాలాక, గడ్డి కోసుకొస్తానని కొడవలి తీసుకుని రోడ్డుకి అవతలికి వెళ్ళింది. నన్ను మా గేటు దగ్గర నిలబడమంది. నా వెనక మా బాబాయి సైకిల్ తుడుచుకుంటున్నాడు. కాసేపటికి అటునుంచి ఆవిడ పెట్టిన కేక వినబడింది.

“అమ్మలూ, పాము కరిచిందే! రావే!”

పరిగెత్తాను. కాళ్ళకింద కంకర గుచ్చుకోవడం గుర్తుంది, వెచ్చటి తారు తగలడం గుర్తుంది. అంతలో నా జడ పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. వెల్లకిలా కంకర మీద పడ్డాను. నా కాళ్ళ ముందు నుంచి బస్సు వెళ్ళిపోయింది. దాని దుమ్ము నా నోట్లో పడింది. జడ పట్టుకున్నది మా బాబాయి. నేను పరిగెడితే రోడ్డెక్కకుండా పట్టుకోమని మాత్రమే ఆవిడ ఆయనకి చెప్పిందట, ఎందుకో చెప్పలేదట. ఆయన కన్నతల్లిని అంతేసి మాటలనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ తొందరపడలేదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, అటు చూసి, ఇటు చూసి, ఒక లారీని పోనిచ్చి, నిదానంగా దాటి వచ్చింది. మోచేతులు చీరుకుపోయి ఏడుస్తున్న నా ముందు నిలబడింది.

“గేదెకి బుద్ధి లేదన్నావు. నీకుందిగా, అటూ ఇటూ చూశావా?”

నేను తల అడ్డంగా ఊపాను.

“నిన్ను నేను పిలిచాను. దాన్ని నువ్వు పిలిచావు.”

అంతే. గడ్డి తీసుకెళ్ళి దూడ ముందు వేసింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. మా నాయనమ్మ మంచిదని నేననను. బాబాయి చెయ్యి జారి ఉంటే ఈ కథ చెప్పడానికి నేనుండేదాన్ని కాదు. ఆ లెక్కన ఆవిడ మీద కోపం నాకు ఇంకా మిగిలే ఉంది. కానీ నన్ను కూర్చోబెట్టి వందసార్లు చెప్పినా నా బుర్రకెక్కేది కాదని కూడా నాకు తెలుసు.

శిక్ష అక్కడితో అయిపోలేదు. రెండు నెలల తర్వాత చేపలాయన భార్య నెత్తిన గంప పెట్టుకుని బస్సులో రావడం మొదలుపెట్టింది. బస్సు అవతలి వైపు ఆగేది. ఆవిడ అక్కడి నుంచే “చేపలమ్మా” అని కేకేసేది. ఆ కేక వినబడగానే నాయనమ్మ గిన్నె నా చేతికిచ్చి పంపేది. ఇంకెవరినీ వెళ్ళనిచ్చేది కాదు. నేను దాటి వెళితే ఆవిడ గంప దించి, నా గిన్నెలో చేపలు వేసి, కొసరు వేసి, ప్రతిసారీ ఒకే మాట అనేది.

“చూసుకుని దాటు తల్లీ. మా ఆయన కాలు తిన్న రోడ్డిది.”

చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేదాన్ని. గిన్నె పట్టుకుని, అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చేసేదాన్ని. నాలుగేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఎందుకు మానేసిందో కనుక్కునే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఈనాటికీ రోడ్డుకి అవతల తెలిసినవాళ్ళు కనబడితే నేను పిలవను. నాకు పొగరని చుట్టాల్లో పేరుంది. ఉండనీ. దాటి వెళ్ళి భుజం తట్టి పలకరిస్తాను. బడి వదిలే వేళకి మా పిల్లలు అవతలి గేటు దగ్గర నిలబడి చూస్తున్నా చెయ్యి కూడా ఊపేదాన్ని కాదు, నేనే వెళ్ళి చెయ్యి పట్టుకునేదాన్ని. వాళ్ళకి కాస్త వయసొచ్చి ఒంటరిగా దాటడం మొదలుపెట్టిన రోజున నా నోటికి వచ్చింది ఒక్క మాటే, చూసుకుని దాటు తల్లీ అని. అది అమ్మ మాటేనని వాళ్ళనుకుంటున్నారు. ఎవరి దగ్గర తెచ్చుకున్న మాటో వాళ్ళకీ చెప్పలేదు.