అబద్ధం చెప్పి బావను దవాఖానకు తీసుకుపోయిన రోజు

నా చేతిరాత బాగుండదు. చదువు మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. కాగితం మీద రాసిస్తే గ్రంథాలయం సారు టైపు చేసి ఇక్కడ పెడతానన్నారు. ఆయన దిద్దగా మిగిలిన తప్పులు నావే, మన్నించండి. ఇంట్లో మనిషికి మనసు బాగాలేక, వరంగల్ తీసుకుపోదామా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా అక్కా బావా వరంగల్ కొత్తవాడలో జంఖానాలు, అంటే నేల మీద పరిచే తివాచీలు, నేసేవారు. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చునేవారు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అక్క అక్కడి సర్కారు దవాఖానలో చనిపోయింది. ఆ తర్వాత బావ ఎట్లాగో నెట్టుకొచ్చాడు. పోయిన నెల బావ పక్కింటి రాజమణి ఫోన్ చేసింది. "అన్నా, మీ బావ సరిగ తింటలేడు. నేత సామాను ఒక్కొక్కటి పంచిపెడ్తాండు. నాకెందుకు ఇగ అంటాండు. నాకు భయమైతాంది, జర జల్దీ రా" అంది. ఆ మాట విన్నాక నాకు కూడా భయమేసింది. కరోనాలో బందైన మనసు డాక్టరు ఓపీ మళ్లీ రోజూ నడుస్తోందని మా ఊరికొచ్చే ఆశా కార్యకర్త చెప్పింది. కానీ అది అక్క పోయిన దవాఖానే. బావ అప్పటి నుంచి ఆ రోడ్డు తొక్కలేదు.

ఆ మంగళవారమే నర్సంపేటలో ఉదయం ఆరుంబావు బస్సెక్కాను. టికెట్ డెబ్బై రూపాయల లోపే. ఏడున్నర దాటాక వరంగల్‌లో దిగి, ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో కొత్తవాడ చేరాను. గల్లీలో రంగు వేసిన నూలు ఆరేసి ఉంది. బావ గడప మీద కూర్చున్నాడు, గడ్డం పెరిగింది. నిజం చెబితే రాడని దారంతా ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. "నాకు నిద్ర పడ్తలేదు బావా. డాక్టరుకు చూపెట్టుకోవాలె. ఒక్కన్నే పోవాలంటె భయమైతాంది. జర తోడు రా" అన్నాను.

బావ నన్ను కిందికీ పైకీ చూశాడు. "నీకు నిద్ర పడకపోవుడేందిరా బామ్మర్ది? బస్సుల నిలబడి గూడ గుర్రు పెట్టెటోనివి." అయినా లేచి అంగీ మార్చుకున్నాడు. ఏ దవాఖాన అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆటో మాట్లాడితే ఇద్దరికీ కలిపి అరవై అన్నాడు. "ఏ డాక్టరు దగ్గరికి పెద్దాయినా?" అని డ్రైవరు అడిగితే గొణిగాను. "మనసు డాక్టరా? గట్టిగ చెప్పు, సిగ్గేంది? మా అమ్మను నెలనెలా నేనే తోల్కపోత. కరోనాల ఆ రూములన్ని బెడ్లతోటి నింపిన్రు, డాక్టర్లను గూడ అటే ఏసిన్రు. మా అమ్మ గోలీలు బందై ఆగమాగమైనం. ఇప్పుడు మంచిగ నడుస్తాంది" అన్నాడు. బావ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

గేటు దగ్గర దిగాక ఆగిపోయాడు. ఊచ పట్టుకుని, "నువ్వు పో. నేనీడ్నే ఉంట" అన్నాడు. బలవంతం చేయడం నాకు చేతకాదు. ఒక్కణ్ణే లోపలికి పోయి చిట్టీల కిటికీ ముందు లైన్లో నిలబడ్డాను. ఎవరినీ అడగలేక, అందరికంటే చిన్న లైను చూసి నిలబడ్డాను. ముందున్న ఆమె నావైపు చూసి నవ్వింది, వెనకామె దగ్గింది. నాకేమీ అర్థం కాలేదు. ఇంతలో ఎవరో భుజం పట్టి లాగారు. బావే. "అది ఆడోళ్ల లైనురా. గేటు కాడికెల్లి చూస్తాన, నాకే ఇజ్జత్ పోతాంది" అన్నాడు.

అట్లా బావ గేటు దాటాడు.

కిటికీలో అమ్మాయి "ఎవరికి?" అని అడిగింది. బావ పక్కనే ఉన్నాడు. చేసేదిలేక నా పేరే చెప్పాను. చిట్టీకి డబ్బులు అడగలేదు. మనసు ఓపీ మొదటి అంతస్తులో ఉంది. దూరదూరంగా నిలబడమని అప్పట్లో గీసిన పసుపు గుండ్రాలు నేల మీద ఇంకా అక్కడక్కడా కనిపిస్తున్నాయి. వాటి మీదే ఇప్పుడు కొత్త కుర్చీలు వేశారు. "రెండేండ్లు ఇది కరోనా వార్డే. మల్ల సున్నాలేసి, కుర్చీలు దెచ్చి, డాక్టర్లు వచ్చేసరికి శానా రోజులు పట్టింది. ఇప్పుడు మాట్లాడనీకె ఒక మేడం గూడ వచ్చింది" అని నర్సమ్మ చెప్పింది.

పదిన్నరకు నా పేరు పిలిచారు. బావ కూడా లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "నిద్ర ఎప్పటి నుంచి పడతలేదు తాతా?" అని అడిగింది. అబద్ధం అంతవరకే తయారు చేసుకున్నాను. అవతల ఏం చెప్పాలో తోచలేదు. "మా అక్క పోయినప్పటి నుంచి" అని నోట్లోంచి వచ్చింది. వచ్చాక తెలిసింది, అది నిజమే. ఆమె తొందరపెట్టలేదు. నేనే చెప్పాను. అక్క దవాఖానలో ఉన్నప్పుడు బస్సుల్లేక రాలేకపోయానని అందరికీ చెప్పాను గానీ, మా పక్క ఊరి నుంచి పాల వ్యాను రోజూ వరంగల్ వచ్చేది. డ్రైవరు నాకు తెలిసినవాడే. రోగం అంటుతుందని భయపడి నేను ఎక్కలేదు. ఈ మాట బావ ముందు ఎన్నడూ చెప్పలేదు.

నేను తల ఎత్తలేదు. బావ మెల్లగా, "వచ్చినా గేటు దాటనియ్యకపోదురు. నన్నే దాటనియ్యలే. పదకొండు రోజులు టిఫిను డబ్బ పట్టుకొని ఆ ఊచల కాడ నిలవడ్డ. అది తిన్నదో లేదో గూడ తెల్వది" అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొంచెంసేపయ్యాక డాక్టరమ్మతో, "ఈడు నా కోసం అబద్ధమాడి తోల్కచ్చిండు మేడం. గడప కాన్నే ఎరికైంది నాకు. చిట్టీ నా పేరు మీద గూడ రాయిండ్రి" అన్నాడు.

ఆయనతో విడిగా గంటసేపు మాట్లాడారు. మందులు అక్కడే ఊరికే ఇచ్చారు. నాకు గోలీలు అవసరం లేదని, మాట్లాడటానికి మాత్రం రమ్మని చెప్పారు. ఇద్దరికీ రెండు వారాల తర్వాత మంగళవారమే రాసిచ్చారు. ఒకటిన్నరకు బయట చిన్న హోటల్లో భోజనం చేశాం, ఒక్కొక్కరికి తొంభై. బావ సగం తిని చేయి ఆపితే వడ్డించే ఆమె ఊరుకోలేదు. "పప్పు బాగలేదా పెద్దనాన్నా? ఇడిసిపెడితె నేను వండినదానికి విలువేముంది?" అంది. "బాగుందమ్మా, జర పచ్చడెయ్యి" అని బావ మిగతాది తిన్నాడు.

ఒక్కరోజుకు బావ బాగైపోయాడని నేను రాయను. రోజూ పొద్దున రాజమణి ఫోన్ చేసి గోలీ వేసుకున్నాడని చెబుతోంది, అంతే. దవాఖాన తలుపు మళ్లీ తెరవాలంటే సున్నాలు, కుర్చీలు, డాక్టర్లు కావాలి. అన్నీ వచ్చాక కూడా మావంటి వాళ్లకు ఆ గేటు దాటడం కష్టమే. నిన్న బావే ఫోన్ చేశాడు. "మంగళవారం నువ్వు కొత్తవాడకు రాకు, చుట్టైతది. సీదా గేటు కాడికి రా. నేను ముందుగాల పోయి లైన్ల నిలవడ్త" అన్నాడు.

పోయేవాళ్లు ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు వెంట తీసుకుపోండి. ఎనిమిదిన్నరకల్లా లైన్లో ఉంటే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. రెండోసారి పోయినప్పుడు ఏమడుగుతారో నాకు తెలియదు, లోపల కొంచెం బెదురుగా ఉంది. మీలో ఎవరైనా పోయి ఉంటే, మంగళవారం లోపే నాకు రెండు ముక్కలు రాయండి.