తాబేలు అడ్డొచ్చిన జవాబు

"తప్పంతా ఆ తాబేలుది తమ్ముడూ. అది గానీ ఆ పూట ఇంకో దారిన పోయి ఉంటే నా సంగతి అప్పుడే తేలిపోయేది. ఊరు నన్ను వదిలేసి ఇంకొకరి కొంప మీద పడేది."

మిస్ ఇడాలియా న్యూబాల్ ఈ మాట అంటూ తొట్టిలోంచి ఒక రబ్బరు సూటు పైకి లాగి, నీళ్ళు పిండి, తాడు మీద పడేసింది. ప్రొవిడెన్సియా దీవిలో, నైరుతి తీరాన ఉన్న చిన్న రిసార్టులో, సముద్రం అడుగు చూడాలని వచ్చే అతిథులను నీళ్ళలో దింపి, దించినవాళ్ళను దించినట్టు పైకి తేవడం ఆవిడ ఉద్యోగం. యాభై దాటింది. నోరు ఒక మాటంటే చేతులు రెండంటాయి. అందుకే ఉప్పు పోయేదాకా సూట్లు కడిగే వేళ చేతి మాట నేర్చుకుందామని ఆవిడ పక్కన కూచునే నాకు తడవక తప్పదు.

చేతుల మాట ఆవిడకి నాన్న ఆస్తి. ఆల్‌స్టన్ న్యూబాల్ పుట్టు చెవిటి. దీవిలో అలాంటివాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు కాబట్టి, వినపడేవాళ్ళకీ చేతి మాట వచ్చు. ఇడాలియా నోరు తిరగక ముందే వేళ్ళు తిప్పింది. మొట్టమొదట అడిగింది కొబ్బరి మిఠాయి అని వాళ్ళమ్మ చెప్పేది.

"మా ఇంట్లో పోట్లాట చూసి తీరాల్సిందే. మా అమ్మ నోటితో మొదలుపెట్టేది. వినపడదుగా, చేతుల్లోకి దిగేది. ఆవిడ మంచి ఊపు మీదుండగా మా నాన్న ఠక్కున కళ్ళు మూసుకునేవాడు. అంతే, గెలిచినట్టే! ఇంక ఆవిడ ఎవరితో పోట్లాడాలి, కుండతోనా?"

ఆల్‌స్టన్ ఊపిరి బిగబట్టి మునిగి శంఖాలు ఏరేవాడు. కూతుర్ని వెంట తీసుకుపోయేవాడు. నీళ్ళ పైన ఆయన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. నీళ్ళ కింద మాత్రం నోరున్నవాళ్ళు బుడగలు వదులుతుంటే ఆయన ఒక్కడే వాగుడుకాయ. ఎండ్రకాయ ఎక్కడ దాక్కుందో, ఏ చేపకి కోపం ఎక్కువో, కిందటివారం చర్చిలో ఎవరు నిద్రపోయారో, అన్నీ అక్కడే చెప్పేవాడు. అందుకే రిసార్టువాళ్ళు మనుషుల కోసం వెతికినప్పుడు ఇడాలియా వెనకాముందూ చూడలేదు. ఆడమనిషి గాలి సిలిండరేం మోస్తుందని నవ్వినవాళ్ళ ముందు, చంకకొకటి పెట్టుకుని రేవు చివరిదాకా నడిచింది. దారిలో ఆగి ఒకతన్ని పిల్లల చదువుల గురించి కూడా అడిగింది.

ఆవిడకి జోడీ ఉల్రిక్ హాకిన్స్. నీళ్ళలో ముందు ఆవిడ, మధ్యలో అతిథులు, చివర ఆయన. నెమ్మది మనిషి, పెళ్ళి చేసుకోలేదు. గట్టు మీద ఆయన నోట మాట రావడం కంటే కొబ్బరికాయ పీచు రావడం తేలిక. నీళ్ళలో దిగాడా, అతిథుల తలల మీదుగా ఇద్దరికీ ఒకటే కబుర్లు.

"'ఆ నీలం సూటాయన దూడ పాలు తాగినట్టు గాలి తాగేస్తున్నాడు, చూసుకో' అని ఆయన. 'కొత్త జంట పొద్దున్న దెబ్బలాడుకుంది, చెయ్యి పట్టుకోమంటే చిటికెనవేలు పట్టుకున్నారు' అని నేను. అతిథులేమో ఇవన్నీ డైవింగు సైగలే అనుకుంటారు. పాపం, ఆ నీలం సూటాయన మరీ మర్యాదస్తుడు. పైకొచ్చాక నాకెదురుగా నిలబడి, మేం చేసిన సైగే చేసి చూపించాడు. 'నేను దూడలా తాగుతాను' అని తన గురించి తనే, నవ్వుతూ! నేనేం చెయ్యను? వంగి దండం పెట్టాను."

భర్త బెంటన్ పోయి చాలా ఏళ్ళయినా ఇడాలియా ఎవరివైపూ చూడలేదు. ఉల్రిక్ మాత్రం ఆవిడవైపే చూస్తున్నాడని ఆవిడకి తెలుసు. కానీ అడగడే. ఈ ఊళ్ళో గుసగుస అనేది లేదు మరి. నోటితో అంటే చెవులున్నవాళ్ళు వింటారు, చేత్తో అంటే కళ్ళున్నవాళ్ళంతా వింటారు. కుర్రతనంలో జోషువా అనే ఆయన బేకరీ వాళ్ళమ్మాయిని అడిగితే 'వద్దులే' అందట. అప్పట్నుంచి ఆయన 'వద్దులే జోషువా'. తర్వాత ఇంకొకామెను చేసుకుని పిల్లల్ని కన్నా, వాళ్ళు 'వద్దులే గారి పిల్లలే' అయ్యారు.

ఆ భయంతో ఉల్రిక్ ఒక ఎత్తు వేశాడు. ఊరి కళ్ళు పడని చోటు, పగడాల దిబ్బ కింద, అతిథులు చేపల వెనక పోయిన సమయం చూసుకుని ఇడాలియా ఎదుటికి ఈదుకుంటూ వచ్చాడు. నువ్వు, నేను అని వేలు చూపించాడు. రెండు అరచేతులూ తల మీద ఇంటికప్పులా కలిపాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళద్దం వెనక నుంచి చూస్తూ ఉండిపోయాడు. ఇడాలియా ఆయనకి జవాబు చెప్పింది. అంతా సముద్రం అడుగునే ముగిసిందనుకున్నారు ఇద్దరూ.

కానీ ఆ రోజు అతిథుల్లో మెడెయిన్ నగరం నుంచి వచ్చిన డెంటిస్టమ్మ ఒకావిడ ఉంది. చేతిలో కెమెరా, కదిలినదల్లా దానిలోకే.

రిసార్టులో సాయంత్రం భోజనాల వేళ గోడకి దుప్పటి కట్టి, ఆ రోజు తీసినవి వేసి చూపించడం అలవాటు. ఊరివాళ్ళూ వస్తారు, పీతల కజ్జికాయలు ఉంటాయి కదా. ఆ పూట ముందు వరసలో ఉల్రిక్ మేనత్త పెర్మీలియా కూచుంది. రిసార్టు వంటావిడ. ఆమెకీ పుట్టుచెవుడే. దుప్పటి మీద ఉల్రిక్ కనిపించాడు. నువ్వు. నేను. ఇంటికప్పు.

"ఇక్కడ మా గైడు కింద గుహ ఉందని చెప్తున్నాడు!" అంది డెంటిస్టమ్మ గర్వంగా.

పెర్మీలియా చేతిలో కొబ్బరిపాల పులుసు గిన్నె కింద పడింది. చెవిటివాళ్ళ బెంచీ మొత్తం లేచి నిలబడింది. వినపడేవాళ్ళు కెవ్వుమన్నారు. గుండె మీద చెయ్యి వేసుకున్నప్పుడైతే వడ్డించే ఆవిడ ఏడ్చేసింది. ఇప్పుడు ఇడాలియా జవాబు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. దుప్పటి మీద ఇడాలియా రెండు చేతులూ పైకి లేచాయి.

సరిగ్గా అప్పుడే అటుగా ఒక తాబేలు పోతోంది. డెంటిస్టమ్మ కెమెరా గిర్రున దానివైపు తిరిగింది.

"తిరిగితే తిరిగింది, మళ్ళీ మా వైపు రావాలా వద్దా! అదేమో కూచుని గడ్డి నములుతోంది, ఈవిడేమో దాని మూతి తీస్తోంది. ఊరు ఊరంతా అరుపులు: 'లేవే! పక్కకి జరగవే! నీ గడ్డి పాడుగాను!' డెంటిస్టమ్మ పొంగిపోయింది. 'మీ దీవివాళ్ళకి తాబేళ్ళంటే ఎంత ప్రేమ!' అని నా చెయ్యి పట్టుకుంది."

ఆ రోజు నుంచి ఇడాలియా రోడ్డు మీద నడిస్తే గడ్డాలు పైకి లేస్తున్నాయి, 'ఏమన్నావు?' అని. అవునని కొందరు, కాదని కొందరు బీరు పెట్టెలు పందెం కాశారు. పెర్మీలియా అయితే పళ్ళెంలో చేప పెట్టినట్టే పెట్టి వెనక్కి లాక్కుంటోంది, చెప్తేనే తిండి అని. ఉల్రిక్ మటుకు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. పలకరిస్తే తలూపుతాడు. నీళ్ళలో కూడా పుస్తకంలో ఉన్న సైగలే: బాగుందా, బాగుంది, పైకి, కిందికి. తన వెనక అంతమంది ఈదుతున్నా నిన్న పగడాల దిబ్బ దగ్గర ఇడాలియాకి తోడెవరూ లేనట్టే అనిపించింది.

పైగా ఆయన పక్క దీవి సాన్ ఆండ్రెస్‌లో తమ్ముడి దగ్గర పని చూసుకుంటున్నాడనీ, ఆదివారం బోటుకి చోటు అడిగాడనీ పొద్దున్న తెలిసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇడాలియా చేతులు తొట్టిలోనే ఉండిపోయాయి.

"ఇంతకీ నువ్వేమన్నావు, అక్కా?" అన్నాను.

"ఊరికి చెప్పవుగా?"

"చెప్పను."

"అయితే నీకెందుకు చెప్పడం! దండగ." నవ్వింది, తర్వాత చేతులు తుడుచుకుంది. "మా నాన్న మా అమ్మని ఎక్కడ అడిగాడో తెలుసా? చర్చి మెట్ల మీద. ఆదివారం ప్రార్థన అయ్యాక, పాస్టరుతో సహా అందరూ బయటికి వస్తుండగా. నోట్లో మాటలేని మనిషి. కాదంటే బతుకంతా నవ్వుతారని ఆయనకి తెలీదా? తెలిసే అడిగాడు. నేను ఉల్రిక్‌తో అన్నది అంతే. 'గట్టు మీద అడగలేనిది నీళ్ళలో అడగకు' అన్నాను. దానికే మొహం అలా అయిపోయింది, బుడగలు కూడా ఆగిపోయాయి కాసేపు. నేను వద్దన్నాననుకున్నాడు పిచ్చి మారాజు."

"వద్దనలేదా మరి?"

"అడిగినవాడికి చెప్తాను. నువ్వు అడిగావా నన్ను పెళ్ళాడమని?"

ఇంకో సూటు తీసి దులిపింది. ఆ నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి.

"దాక్కుని అడిగినవాడికి అవునంటే, రేపు దాక్కునే కాపరం చెయ్యాలి. నీళ్ళలోనే వండుకోవాలి, నీళ్ళలోనే పడుకోవాలి. సిలిండరు అయిపోతే కాపరం కూడా అయిపోతుంది." గడ్డంతో సముద్రం వైపు చూపించింది. "ఆయన లేకపోతే అక్కడ ఎవరితో మాట్లాడను? తాబేలుతోనా?"

తర్వాత లేచి, చెయ్యి పట్టుకుని నన్నూ లేపింది. సముద్రం ఒడ్డు దారి చూపించింది.

"పద. ఉల్రిక్ ఈ వేళకి కొట్టు పక్కన పడవకి రంగేసుకుంటూ ఉంటాడు. శనివారం ఇసుకలో గుర్రప్పందెం ఉందిగా, ఊరంతా అక్కడే ఉంటుంది. గుర్రాలు బయల్దేరకముందే నా ముందుకొచ్చి అడగమన్నానని చెప్పు. ఆదివారం బోటు సంగతి ఆ తర్వాత చూద్దాం. కానీ నోటితో చెప్పావో, చంపేస్తాను. రోడ్డు మధ్యలో నిలబడి, చేతులు బాగా పైకెత్తి, అందరికీ కనపడేలా చెప్పు. నీ చేతి మాట ఇంకా పసివాడి మాటే, నాకు తెలుసు. భయపడకు. తప్పు పోతే కొట్టు అరుగు మీద కూచున్నవాళ్ళంతా కలిసి దిద్దుతారు."